రిలీవర్ రాలేదు, బావా

మా బావ చేతులు రెండూ మంచానికి కట్టేశారు.

ఐసీయూ అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే నాకు కనబడ్డది అదే. మణికట్ల చుట్టూ దూది, దూది మీద తెల్లటి పట్టీ, పట్టీకి ఓ ముడి. ఆ ముడి వేసినవాళ్ళెవరో అంతకుముందు ఓడరేవులో పనిచేసి ఉంటారు; దానితో నిండు ఓడను ఆపొచ్చు. మా అక్క మొగుడు, భూమి అడుగున పంపు నడిపి గోదావరి నదినే వెనక్కి తోలిన మొనగాడు, సంతకు తెచ్చిన మేకపోతులా పడి ఉన్నాడు. ముఖం మీద మాస్కు. మాస్కు పైనుంచి రెండు కళ్ళు. ఆ కళ్ళు నన్ను చూసి, పట్టీలను చూసి, మళ్ళీ నన్ను చూశాయి. ‘నువ్వుండి ఏం ఫాయిదా బామ్మర్దీ’ అన్నాయి. నోరు మూసి ఉన్నా మా బావ గొంతు నాకు పూర్తిగా వినబడింది.

నాకు కోపం వచ్చింది. ఈ మాట చదివి నవ్వకండి. నలుగురినీ నవ్విస్తాడని పేరు పడ్డాక మనిషి కోపానికి విలువ పోతుంది. నేను పళ్ళు నూరితే మా గోదావరిఖని కాలనీలో ‘మల్లొక్కసారి నూరు’ అంటారు. అయినా నూరాను.

“ఎవలు కట్టిండ్రు గిట్ల? మనిషా, పశువా?”

సెలైను సీసా మారుస్తున్న నర్సు వెనక్కి కూడా తిరగలేదు. “నేనే కట్టిన. మాస్కు గుంజి పారేస్తున్నడు. పొద్దుగాల గుంజిండు, ఇంతకుముందు మల్ల గుంజిండు. మూతి నీలంగ అయింది. నాకేమన్న సరదానా సార్?”

ఆ జవాబుతో నా కోపం ఆగాలి. ఆగలేదు. న్యాయమైన జవాబు వింటే నాకు ఇంకా మండుతుంది.

జరిగింది ఇదీ. వానల్లో పట్టిన జ్వరం మా బావ ఊపిరితిత్తుల్లోకి దిగింది. బొగ్గుదుమ్ముకు ఇన్నేళ్ళుగా అద్దెకిచ్చిన ఇల్లది, నిమ్మును కూడా రెండు చేతులా ఆహ్వానించింది. గొంతులో పైపు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ఆ మిషను మా బావ తరఫున ఊపిరి తీసింది, వదిలింది. ఆయన పడుకుని ఉన్నాడు. తర్వాత డాక్టరు మిషను సాయం కొద్దికొద్దిగా తగ్గించి, పైపు ఉండగానే ఆయన ఊపిరి ఆయన్నే తీసుకోమని పరీక్ష పెట్టాడు. మా బావ జీవితంలో మొదటిసారి ఓ పరీక్ష పాసయ్యాడు. పైపు తీసేశారు. మేమంతా ఇక ఇంటికే అనుకున్నాం.

కాదట. మిషను మోసినన్నాళ్ళూ ఊపిరి పీల్చే కండరాలు బద్ధకం మరుగుతాయట. ఒక్కసారిగా బరువు వాటి మీద వేస్తే అలసిపోయి చేతులెత్తేస్తాయట. అందుకని ముక్కూ నోరూ కలిపి కప్పే గట్టి మాస్కు పెట్టి, తల వెనక పట్టీలు బిగించారు. మనిషి పీల్చగానే మిషను గాలిని లోపలికి తోస్తుంది. వదిలేటప్పుడు కాస్త ఎదురు ఒత్తిడి పెట్టి, ఊపిరితిత్తులు పూర్తిగా ముడుచుకుపోకుండా పట్టుకుంటుంది. పసిపిల్లాడికి సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరుగెత్తడం లాంటిది. మధ్యమధ్య కాసేపు తీసి, మళ్ళీ పెట్టి, ఆ వ్యవధి పెంచుకుంటూ పోవాలి.

“రెండు రోజులు ఈ మాస్కు చెప్పినట్టు ఉంచుకుంటే గట్టెక్కినట్టే,” అన్నాడు డాక్టరు. కోస్తా నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి, గుసగుసలోనే తిట్టగలడు. “ఇలా పీకేసుకుని అలసిపోతే మాత్రం మళ్ళీ గొంతులో పైపే. రెండోసారి పైపు వేస్తే తీయడం కష్టం. అప్పుడు గొంతు దగ్గర చిన్న రంధ్రం పెట్టాల్సి రావొచ్చు. మీరే అర్థం చేసుకోండి.”

నేను అర్థం చేసుకున్నాను. మాస్కు నిలిస్తే మా బావ ఇంటికొస్తాడు. నిలవకపోతే ఏమవుతుందో మా అక్క ముందు అనలేకపోయాను.

“చేతులు విప్పుండ్రి,” అంది మా అక్క. డాక్టరుతోనే, నేలకేసి చూస్తూ. “నేను పక్కన కూసుంట. తమ్ముడు కూసుంటడు. కట్టేసిన మనిషికి ఊపిరి ఎట్ల ఆడ్తది సారూ?”

కళ్ళు తిప్పకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలన్న షరతు మీద డాక్టరు విప్పించాడు. నేను నా ఆఫీసు ఉద్యోగానికి సెలవు పెట్టి స్టూలు ఎక్కాను. ఆ స్టూలు గురించి నాకు వేరే వ్యాసం రాయాలని ఉంది. దాని మీద కూర్చోవడం కంటే బావిలో బొగ్గు కొట్టడం సుఖం.

ఇక మా జనం సంగతి. నా కోపంలో ముప్పాతిక భాగం వీళ్ళకే రాసిచ్చాను.

మా బొగ్గుబావుల కాలనీల్లో ఒకడు మంచం పట్టాడంటే చూసి రావడం అంటే చుట్టరికం కాదు, మస్టరు. హాజరు పడాల్సిందే. రాకపోతే, రేపు నీ మంచం దగ్గరికి ఎవరూ రారు. అందుకని షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోకుండా, ఒంటి మీద నీళ్ళు పోసుకోకుండా, బూట్లతో, కళ్ళ చుట్టూ బొగ్గు కాటుకతో నేరుగా దవాఖానకు వస్తారు. షిఫ్టు ఎక్కేవాళ్ళు కాస్త ముందే బయల్దేరి వీళ్ళతో కలుస్తారు. అంటే సైరను మోగే వేళకు మా బావ మంచం చుట్టూ ఒక షిఫ్టు ఎక్కేది, ఒక షిఫ్టు దిగేది. నస్పూర్ నుంచి బస్సులో వచ్చేవాళ్ళు, కాసిపేట నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చేవాళ్ళు అదనం. ఐసీయూలోకి ఒక్కొక్కరే వెళ్ళాలని గోడ మీద బోర్డుంది. తలుపు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. కానీ ఆ వాచ్‌మన్ సగంమందికి అల్లుడు, మిగతా సగంమందికి కొడుకు వరస. మా దగ్గర బంధుత్వం ముందు ఏ బోర్డూ నిలవదు.

వచ్చినవాడు ఊరుకుంటాడా? ఊపిరి కోసం కుస్తీ పడుతున్న మనిషి మీదికి వంగి పరీక్ష పెడతాడు.

“గుర్తువట్టినవా? నేనెవర్ని చెప్పు?”

మా బావ తలూపుతాడు.

“ఊ అంటే కాదు, ఎవర్నో చెప్పు!”

కాసిపేట నుంచి వచ్చిన, బాబాయి వరసయ్యే మా దూరపు కాక ఒకాయన మరీ ఘనుడు. మంచం పక్కన నిలబడి, మాస్కును కాసేపు తలుపు మీద తాళంకప్పను చూసినట్టు చూసి, “అరే, మొకం మీది గది జరసేపు తియ్యుండ్రి. నోరు మూసి వెట్టి మాట్లాడమంటే ఎట్ల మాట్లాడుతడు?” అన్నాడు.

“మాట్లాడమన్నది నువ్వే గద కాకా! డాక్టర్ అన్నడా?”

“నీకు మొదటి నుంచి పెద్దమనిషి లెక్క లేదు పో,” అని కాక అక్కడే అలిగాడు.

ఇంకొకావిడ నా చెవిలో చెబుతున్నాననుకుని, గోదావరి అవతలి ఒడ్డుకు వినబడేట్టు అంది. “మా మేనత్త కొడుకును గూడ గిట్లనే మిషన్ మీద వెట్టిండ్రు బిడ్డా.”

నేను అడగలేదు. నా బదులు పక్కావిడ అడిగింది. “మల్ల?”

“మల్లేముంది. పోయిండు.”

మంచంలో మా బావ కళ్ళు గుండ్రంగా తిరిగాయి. నర్సు పరుగున వచ్చి అందర్నీ బయటికి తోలింది. వీళ్ళు తెచ్చిన కొబ్బరిబోండాలు మంచం కింద పేర్చితే మంచం లేచి నిలబడింది. చుక్క నీరు మింగనివ్వని మనిషికి అన్ని బోండాలు! అందులో ఒకటి తాగింది నేనే, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున, మళ్ళీ అలాంటి గుంపు మధ్యలోనే ప్రమాదం జరిగింది.

సైరను మోగింది. మా ఊళ్ళో సైరను చెవులతో వినేది కాదు, కడుపుతో వినేది. ఆ మోతకు పాలు పొంగుతాయి, పిల్లలు బడికి లేస్తారు, పెళ్ళిచూపులు మొదలవుతాయి. మా బావ తల తలుపు వైపు తిరిగింది. ఆ తలుపులోంచి ఆయన రిలీవర్ లోపలికి వచ్చాడు. మా బావ షిఫ్టు అయిపోగానే అదే పంపు దగ్గర డ్యూటీ ఎక్కే మనిషి. డ్యూటీ ఖాకీ, బూట్లు, నెత్తి మీద టోపీ. మా బావకు తమ్ముడి కంటే ఎక్కువ. కాళ్ళ దగ్గర నిలబడి “అన్నా, వచ్చిన” అన్నాడు.

మా బావ మొహంలో నేను ఎన్నో రోజులుగా చూడని నెమ్మది కనబడింది. ఒక్కసారి తలూపాడు. చెయ్యి తల వెనక్కి వెళ్ళింది. పట్టీ తీశాడు. పీకడం కాదు, విసరడం కాదు; టోపీకి ఉన్న లైటు విప్పినట్టు జాగ్రత్తగా తీసి, మంచం కడ్డీకి తగిలించాడు. దుప్పటి పక్కకు తోసి ఒక కాలు కింద పెట్టాడు.

ఇదంతా నేను కళ్ళు తిప్పకుండా చూస్తూ కూర్చున్నాను. కళ్ళు తిప్పొద్దన్నారు, తిప్పలేదు. చెయ్యి పట్టుకోవాలన్న ఆలోచన వచ్చేసరికి మిషను కీచుమని అరిచింది. నర్సు, డాక్టరు, ఇంకెవరెవరో పరుగెత్తుకొచ్చారు. మా బావ పక్కటెముకలు కొలిమితిత్తిలా ఎగిరెగిరి పడుతున్నాయి. మాస్కు మళ్ళీ బిగించి, మంచం తల వైపు ఎత్తి, ఊపిరి దారికి రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నాకు మాత్రం ఒక ఉద్యోగకాలం పట్టినట్టనిపించింది.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. “ఇంకోసారి ఇలా జరిగితే పైపు వేయడం తప్పదండీ,” అన్నాడు. గుసగుసగానే.

బయటికొచ్చి వరండాలో నేను వీరంగం వేశాను. జనాన్ని తిట్టాను, బోండాలను తిట్టాను, వాచ్‌మన్ బంధువర్గాన్ని తరతరాలుగా తిట్టాను. మా అక్క గోడకు ఆనుకుని కూర్చుని అంతా విని, నేను గుక్క తిప్పుకునేటప్పుడు అంది.

“తమ్మీ, ఆయన దవాఖానల లేడురా. బాయిలున్నడు.”

“ఏంది?”

“మిషన్ సప్పుడు ఫ్యాన్ లెక్కనే ఉన్నది. తలకాడ ఆక్సిజన్ సీసల నీళ్ళు గుడగుడమంటున్నయ్. నిన్నటి సంది నాకు వేళ్ళతోటి ఇట్ల ఇట్ల పైకి సూపెడ్తున్నడు.” అరచెయ్యి బోర్లా పెట్టి, నెమ్మదిగా పైకి లేపింది. “నీళ్ళు అడుగుతున్నడనుకున్నవ్ నువ్వు. పెదవులకు తడిగుడ్డ అద్దినవ్. నీళ్ళు తాగుతా అంటలేడు. సంపుల నీళ్ళు లేస్తున్నయంటున్నడు.”

నేను వెళ్ళి తలుపు అద్దంలోంచి ఆ సీసాను చూశాను. నిజమే, బుడగలు లేస్తున్నాయి.

పంపు దగ్గరి నియమం మా ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. సైరను మోగితే బొగ్గు కొట్టేవాడు తట్టాచెమ్మస్, అంటే బొగ్గు ఎత్తే తట్టా పారా, కింద పడేసి పోవచ్చు. పంపు ఆపరేటరు పోకూడదు. రిలీవర్ వచ్చి ఎదురుగా నిలబడాలి, నీళ్ళు ఎంత ఉన్నాయో చెప్పి అప్పగించాలి, అప్పుడు కదలాలి. ఎందుకంటే ఆ పంపు ఆగితే, దిగువన పనిచేసేవాళ్ళ కాళ్ళ కిందికి నీళ్ళు వస్తాయి. రిలీవర్ రాకపోతే? ఉండాలి. ఎంతసేపైనా. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టడాన్ని మా దగ్గర నాగా అంటారు. ఎవడో నాగా పెట్టినందుకు మా బావ డబుల్ డ్యూటీ చేసిన పండుగలు మా అక్కకు నోటికొచ్చు.

అంటే మా బావ మాస్కుతో కొట్లాడలేదు. డ్యూటీ అప్పగించాడు. మేమే సైరను మోగే వేళకు రిలీవర్‌ను ఖాకీ తొడిగి మరీ ఆయన ముందు నిలబెట్టాం.

డాక్టరుకు చెప్పాం. ఆయన నవ్వలేదు. నిద్రలేక, మందుల వల్ల, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే లైట్ల వల్ల ఐసీయూలో మనసు ఇలా దారి తప్పుతుందని, కొన్నాళ్ళకు సర్దుకుంటుందని చెప్పాడు. ఎక్కడున్నాడో నెమ్మదిగా చెబుతూ ఉండమన్నాడు. మా అక్క వెళ్ళి చెప్పింది. “ఇది దవాఖాన. నీకు నిమ్ము వట్టింది. నేను నీ పెండ్లాన్ని.” మా బావ అన్నింటికీ తలూపాడు. మూడో మాటకు కాస్త ఎక్కువగానే ఊపాడు. వెంటనే అరచెయ్యి బోర్లా పెట్టి పైకి లేపాడు.

“డ్యూటీ బట్టల్లో ఎవరూ లోపలికి రావద్దు. అసలు చూసేవాళ్ళే వద్దు,” అన్నాడు డాక్టరు. “ఆయన భయపడకుండా ఉండటానికి మీరేం చెప్పుకుంటారో నేను అడగను. మాస్కు ఉండాలి.”

ఆ సాయంత్రం సైరను మోగే ముందు మా అక్క లోపల కూర్చుంది. నేను తలుపు బయట నిలబడ్డాను. అప్పటిదాకా నేను మా కాలనీలో అందరికీ కావలసినవాణ్ణి. ఆ ఒక్క పూటలో ఎన్ని వరసలు పోగొట్టుకున్నానో లెక్క కట్టడానికి తహసీల్దారు కావాలి.

“ఎందుకు పోనియ్యవ్? నీ అయ్య జాగీరా?”

“పేషెంటుకు పరేషాన్ అయితదక్కా.”

“మేం సూస్తే పరేషానా? కాసిపేట సంది ఆటో మాట్లాడుకోని వచ్చినం!”

“కాసిపేట సంది వచ్చినా, కాశీ సంది వచ్చినా అంతే. బోండాలు గూడ వాపస్ తీస్కపోండ్రి, మంచం కింద జాగ లేదు.”

అలిగిన కాక మళ్ళీ వచ్చాడు. అలక చూపించడానికే వచ్చాడు. “సచ్చినంక సూడనిస్తవా?” అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా, ఏ అలంకారమూ లేకుండా, ఒళ్ళు మండింది. “సావకుండ సూడనీకే నిలవడ్డ కాకా ఈడ!” అని అరిచాను. జనం చప్పట్లు కొట్టలేదు. కాక టోపీ తీసి చేతిలో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

అప్పుడే రిలీవర్ వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

“జరుగు బామ్మర్దీ. అన్నకు ఒక్కసారి మొకం సూపెట్టి డ్యూటీకి పోత.”

చెబుదామని నేను నోరు తెరుస్తుండగానే సైరను మోగింది. తలుపు సందులోంచి లోపల మంచం కనబడుతోంది. మా బావ తల ఇటు తిరిగింది. కళ్ళు తలుపును వెతికాయి. చెయ్యి మెల్లగా లేచి పట్టీ దాకా వెళ్ళింది.

మా అక్క ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. పట్టుకోలేదు, వేసిందంతే.

“రిలీవర్ రాలే,” అంది. “నాగా వెట్టిండట. నువ్వే నడుపాలె.”

బయట నా పక్కన ఆ మనిషి కరెంటు కొట్టినట్టు అదిరాడు. “ఎవలు? నేనా? నేను నాగా వెట్టిన్నా?”

“గమ్మునుండు.”

“ఏం గమ్మునుండుడు? నా పెండ్లి నాడు గూడ డ్యూటీ చేసిన మనిషిని! జ్వరమొస్తే మాత్ర మింగి దిగిన! వదినె నన్ను నాగా అంటదా? జరుగు, లోపటికి పోయి మొకం మీదనే అడుగుత!”

నేను ఆయన నడుం పట్టుకున్నాను. నా ఒంటి బరువంతా ఆ ఒక్క మంచి పనికే పెంచినట్టున్నాను. లేకపోతే ఆ రోజు ఆయన ఆగేవాడు కాడు. చెవిలో చెప్పాను. బావ ఎక్కడున్నాననుకుంటున్నాడో, పొద్దున ఆయన్ని చూడగానే ఏం చేశాడో, ఇంకోసారి చేస్తే ఏమవుతుందో. చెబుతుంటే ఆయన పెనుగులాట తగ్గింది. మేమిద్దరం, ఒకణ్ణొకడు కావలించుకున్న భంగిమలోనే, తలుపు సందులోంచి చూశాం.

మా బావ చెయ్యి పట్టీ మీదే ఉంది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆ ముడి మా ఇంట్లో అందరికీ తెలుసు. కూరలో ఉప్పు మరిచిపోయినప్పుడు, రావాల్సిన బస్సు రానప్పుడు పడే ముడి. రిలీవర్‌ను మనసులో బూతులు తిట్టాడని ఒట్టేసి చెప్పగలను. తర్వాత చెయ్యి కిందికి దిగింది. దుప్పటి మీద పడింది. మాస్కులో పొగమంచు పట్టి, తొలగి, మళ్ళీ పట్టింది.

నాకు ఆ క్షణంలో మా బావ మీద కూడా కోపమొచ్చింది. ఎంతమంది చెప్పారు! డాక్టరు నీ ప్రాణం కోసం అన్నాడు, నర్సు బతిమాలింది, పెళ్ళాం ఏడ్చింది. ఉంచుకోలేదు. దిగువన ఎవరో పనిచేస్తున్నారు, పంపు ఆగితే వాళ్ళకు నీళ్ళొస్తాయంటే ఉంచుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ నీళ్ళు గాజు సీసాలోవి. అయినా వాళ్ళ కోసం ఊపిరి పీలుస్తున్నాడు. ఇదెక్కడి మనిషండీ?

రిలీవర్ నా చేతులు విడిపించుకున్నాడు. “పొద్దున నేనొస్తేనా?” అన్నాడు. మెట్ల పక్కనున్న బెంచీ మీద, తలుపు అద్దంలో తన ముఖం కనబడకుండా వీపు ఇటు తిప్పి కాసేపు కూర్చుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రతి షిఫ్టుకూ ముందూ వెనకా వచ్చాడు. ప్రతిసారీ అదే బెంచీ, అదే వీపు. లోపల మా అక్క ప్రతి సైరనుకూ ఆయనకు నాగా వేసింది. ఒకసారి ఆయన పళ్ళ సందు నుంచి, “వదినె జర మెల్లగ అంటే అయితది గదా. వాచ్‌మన్ ఇంటున్నడు,” అన్నాడు.

డబుల్ డ్యూటీ సాగింది. మాస్కు తీసే విరామాల్లో ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. జ్యోతినగర్ క్వార్టర్ల పిల్ల, స్కూటీ మీద గాలివానలా దిగేది. ముక్కుకు సన్నటి ఆక్సిజన్ గొట్టం పెట్టి మా బావను నిటారుగా కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు వేసి ముంజేతులు ఆనించి కాస్త ముందుకు వంగమనేది. అలా కూర్చుంటే భుజాల బరువు తగ్గి ఛాతీ సులువుగా కదులుతుందట. తర్వాత అరచేతిని గిన్నెలా వంచి వీపు మీద పక్కటెముకల దగ్గర తప్‌తప్‌మని తట్టేది, కఫం కదలడానికి.

మొదటిసారి ఆ చప్పుడుకు మా అక్క ఉలిక్కిపడి లేచింది. “ఇన్నేండ్ల కాపురంల నేనే కొట్టలే బిడ్డా!”

“కొడ్తలేనాంటీ, తడ్తున్న. మీరు గూడ నేర్చుకోండ్రి, ఇంటికి పోయినంక రోజు తట్టాలె.”

మా అక్క నేర్చుకుంది. ఎంత ఇష్టంగా నేర్చుకుందో చూసి మా బావ భయపడ్డాడు.

అన్నింటికంటే కష్టం పెదవుల ఊపిరి. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పెదవులు సన్నగా చుట్టి, పీల్చినదానికి రెట్టింపుసేపు మెల్లగా వదలాలి. అలా వదిలితే గాలి దారులు మూసుకుపోకుండా లోపలి పాతగాలి పూర్తిగా బయటికొస్తుందట. మా బావకు అర్థం కాలేదు. కొవ్వొత్తి ఆర్పినట్టు ఉఫ్ అని ఒక్కసారి ఊది ఆయాసపడేవాడు.

“సాసర్ల చాయ సల్లారవెట్టినట్టు ఊదు బావా,” అన్నాను నేను. మా బావ కప్పులో చాయ తాగిన దాఖలా లేదు. సాసర్లో పోసి, దాని మీద అలలు లేచేట్టు ఊది, సముద్రాన్ని తాగే మునిలా ఒక్క గుక్కలో తాగుతాడు. మా అక్క ఇంటి నుంచి ఆయన స్టీలు సాసరే తెప్పించింది. నేను దాన్ని ఆయన మూతి ముందు పట్టాను. మా బావ సాసర్లోకి చూశాడు. ఖాళీ. నన్ను చూశాడు. ఆ చూపులో ఉన్న అవమానం ఏ అల్లుడూ అత్తారింట్లో పడి ఉండడు.

“తాగుడు వద్దు, ఊదుడే,” అన్నాను.

ఊదాడు. సన్నగా, పొడుగ్గా, ఓపిగ్గా. ఫిజియో అమ్మాయి “సూపర్ అంకుల్” అంది. లేని చాయ చల్లారిపోయింది.

డాక్టరు విరామాలు పెంచుకుంటూ పోయాడు. ఒక పొద్దున మా బావ ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు విని, అంకెలు చూసి, “ఇక మాస్కు అక్కర్లేదు. ముక్కు గొట్టం చాలు,” అన్నాడు.

చెయ్యి పట్టీ దగ్గరికి వెళ్ళిన నర్సును మా అక్క ఆపింది. “జర ఆగు బిడ్డా. సైరన్ మోగని.” నన్ను చూసింది. “పిలువు.”

నేను బెంచీ దగ్గరికి పరుగెత్తాను. రిలీవర్ డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. టోపీ సరిచేసుకున్నాడు, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. సైరను మోగింది. లోపలికి వెళ్ళి మంచం ఎదురుగా, పంపు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

“అన్నా, వచ్చిన.”

మా బావ ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. నర్సు మాస్కు తీసింది. పైపు ఒరిపిడికి గొంతు ఇంకా బొంగురు. పెదవులు సన్నగా చుట్టి, గాలి వదిలి, మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

“ఎక్కడ... సచ్చినవ్ రా... ఇన్ని షిఫ్టులు?”

రిలీవర్ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీలో అప్పుడే ఏదో చాలా ముఖ్యమైన కాకి వాలింది. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళినాడు కూడా డ్యూటీ చేసిన మనిషి రెండు చేతులూ కట్టుకుని తల వంచాడు.

“తప్పయింది అన్నా. జర పనివడ్డది.”

“నాగా... వెట్టకు మల్ల.” మా బావ వేలితో తలవైపు సీసా చూపించాడు. అది గుడగుడమంటోంది. “నీళ్ళు... పైకున్నయ్. పైలం.”

“నేను సూస్త. నువ్వు వో.”

మా బావ దిండు మీద తల వాల్చాడు. ఎవరూ తోయని ఊపిరి, ఎవరూ పట్టుకోని ఊపిరి, ఛాతీని లేపి దించింది. లేపి దించింది. కాసేపటికే గురక మొదలైంది. ఆ గురకను మా కాలనీలో మేమందరం తిట్టుకునేవాళ్ళం. ఆ పొద్దున మా అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ విన్నది.

నర్సు రిలీవర్ భుజం తట్టింది. “అన్నా, చూసినవు గదా, ఇగ బయటికి నడువు.”

ఆయన అప్పటికే నా స్టూలు లాక్కుని సీసా ఎదురుగా కూర్చున్నాడు. అందులో లేచి పగులుతున్న బుడగల మీది నుంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు.

“నా రిలీవర్ రాలే సిస్టరమ్మా. ఎట్ల పోత?”